బుర్యా రాని గది

జనవరి 8

నాలుగు పంది తొడలకూ ఉప్పు పట్టించి, చెక్క తొట్టిలో పేర్చి, పైన బరువుకి రాళ్ళు పెట్టాను. గోళ్ళ సందుల్లో ఉప్పు మండుతోంది. పోయినేడూ ఇలాగే మండింది. మే నెలకి నాలుగూ కుళ్ళాయి.

బావమరిది అల్బిన్ నిన్న అన్న మాట రాసి పెట్టుకోవాలి. లేకపోతే నా కోపం మెత్తబడుతుంది. నిన్న కొస్మినా ఇంట్లో ఓస్మిత్సా. ఇంటి సరుకు అమ్మకానికి తెరిచామని గుర్తుగా ఆ బడిపంతులు వీధి మలుపులో ఐవీ కొమ్మ కట్టాడు. ఎనిమిది రోజులు వాళ్ళ నేలమాళిగలో వాళ్ళ వైన్, వాళ్ళ మాంసం, ఊరందరి కబుర్లు. బల్లల దగ్గర భుజాలు రాసుకుంటూ కూచున్నాం. "సిల్వెస్తర్ గారి కొమ్మ ఈసారైనా కడతారా?" అని ఎవరో అడిగారు. నేను గ్లాసు దించేలోపు నా బావమరిది అందుకున్నాడు.

"మా బావ ఇంటికి బుర్యా రావడం మానేసిందయ్యా. అది మా అక్క కోసం వచ్చేది. అక్కతోనే పోయింది."

అందరూ నవ్వారు. వాడి పెళ్ళాం బ్రెద మాత్రం నవ్వలేదు.

ఈశాన్యం నుంచి దూకే ఆ పొడిగాలి లేకపోతే ఈ రాతినేల మీద ఏ తొడా ఎండదు. అంటే వాడన్నది ఏమిటి? నా ఇల్లు చచ్చిన ఇల్లు అని. నేను లేచి నిలబడ్డాను. "ఈ ఏడు కూడా నా తొడలు చెడితే ఇక జన్మలో కొమ్మ కట్టను. మాళిగ తాళం, ద్రాక్షతోట నీకే అప్పగిస్తాను. అందరూ సాక్ష్యం," అన్నాను. ఎవరూ నవ్వలేదు. అల్బిన్ కూడా. వాడు ఎర్రబడి గ్లాసులోకి చూశాడు. ఆశ బయటపడిందని సిగ్గు కాబోలు.

ఆ కొమ్మ నా భార్య పావ్లాది. నేను ట్రియెస్ట్‌లో పేపరు ఆఫీసులో కూచుని ఇతరుల అచ్చుతప్పులు దిద్దుకుంటున్న రోజుల్లో, ఆమె మాళిగ కడిగించి, బల్లలు వేయించి, మొదటి కొమ్మ తన చేత్తో కట్టింది. దాన్ని ఆమె తమ్ముడి చేతిలో పెట్టడం కంటే నా వేలు కోసుకోవడం నయం.

గాలి వస్తోందో లేదో చెప్పడానికి వీడెవడు? కొలుస్తాను.


జనవరి 12

ఇంట్లో పెట్టుకునే వాతావరణ యంత్రాలు ఇన్ని రకాలని నాకు తెలియదు. మూడు రోజులుగా అవే చదువుతున్నాను. కళ్ళు మంటలు, అయినా మానలేకపోతున్నాను.

మొదట నేర్చుకున్నది: గాలిని కొలిచేది ఎత్తులో ఉండాలి, వానను కొలిచేది నేలకు దగ్గరగా ఉండాలి, వేడిని కొలిచేది నీడలో, గోడకు దూరంగా ఉండాలి. అలాంటప్పుడు మూడింటినీ ఒకే కర్రకు గుచ్చి అమ్మేవాళ్ళు ఏం కొలుస్తున్నట్టు? పట్నంలో బాల్కనీ ఉన్నవాడికి అది చాలేమో. తోట, దొడ్డి, రెండు కప్పులు, ఒక గుంట ఉన్నవాడికి విడివిడిగా పెట్టుకునేదే కావాలి.

రెండోది: గాలిని గిన్నెలతో కొలిచే పద్ధతి ఉంది. మూడు చిన్న గిన్నెలు గిర్రున తిరుగుతాయి. ఇంకొక దాంట్లో తిరిగేదేమీ లేదు. ఇటువైపు నుంచి అటువైపుకి మనకు వినపడని చప్పుడు పంపిస్తుందట. గాలికి ఎదురుపోతే ఆ చప్పుడు ఆలస్యంగా చేరుతుంది, గాలితోపాటు పోతే తొందరగా చేరుతుంది. ఆ తేడాలోంచి గాలి వేగం లాగేస్తుంది. ఇంత చక్కటి సంగతి ఈ వయసు దాకా నాకెవరూ చెప్పలేదు. ఎవరిని తిట్టాలో తెలియడం లేదు.

తిట్టడానికి ఎర్వీన్ ఉన్నాడు. మా పేపరు సంపాదకుడు. వాతావరణం ముక్క దిద్దే పని నాది. "రేపు కూడా బుర్యా అరుస్తుంది" అని నేను మారిస్తే, వాడు దాన్ని కొట్టేసి "ఈశాన్య దిశ నుంచి ఒక మోస్తరు గాలులు" అని వేసేవాడు. ఒకనాడు ఆ ఒక మోస్తరు గాలి రేవు దగ్గర వాడి టోపీని ఊడబీకి సముద్రంలో పడేసింది. కిటికీలోంచి చూశాను. ఆ ఉద్యోగంలో నాకు మిగిలిన సుఖం అదొక్కటి.

మూడోది: యంత్రం తన అంకెలను లోపలున్న చిన్న తెరకి గాలిలోనే పంపిస్తుంది. కంపెనీ వాళ్ళు చెప్పే దూరం మైదానంలో దూరం. మా గోడలు మోచెయ్యంత మందం రాయి. అంటే తెరను కిటికీ దగ్గర పెట్టుకోవాలి.

కొన్ని యంత్రాలు అంకెలను లోకమంతటికీ చూపిస్తాయట. కొస్మినాది అలాంటిదే. ఊళ్ళో గాలి ఎంతో చూసుకోవాలంటే అందరూ ఆ పంతులు అంకెలే చూస్తారు. నాది మాత్రం గెలిచాకే చూపిస్తాను.


జనవరి 15

బస్సెక్కి సెజానా వెళ్ళాను. రైతు సామాన్ల కొట్టు నడిపే నెవెంక మూడు పెట్టెలు తీసి బల్ల మీద పెట్టింది.

"గిన్నెలదా, గిన్నెలు లేనిదా?"

"నువ్వు చెప్పు."

"మీ దగ్గర గాలి ఎంత వేగం వస్తుంది?"

"అది తెలిస్తే నీ కొట్టుకి ఎందుకొస్తానమ్మా?"

"అలా కాదు పెద్దాయనా. ఈ గిన్నెలది గంటకి నూట ఇరవై కిలోమీటర్లు దాటితే నిలవదు. పోయిన చలికాలం ఒకాయన నా మాట వినకుండా పట్టుకెళ్ళాడు. గిన్నెలు పక్క ఊళ్ళో కోళ్ళ గూట్లో దొరికాయి."

"పోనీలే, కోళ్ళకైనా గాలి వేగం తెలిసింది."

"మీ నాలిక కూడా నూట ఇరవై దాటేలా ఉంది. ఇంతకీ దేనికి? ద్రాక్షకా, తొడలకా?"

"మా బావమరిదికి."

"ఆయన్ని కొలవడానికా?"

"వాడి నోటిలోంచి వచ్చే గాలిని."

ఆమె నవ్వి, గిన్నెలు లేని దాన్ని నా ముందుకి తోసింది. పెట్టెలో దానితోపాటు చిన్న డబ్బీ కూడా ఉంది. గదిలో పెట్టుకుంటే వేడి, తేమ చెబుతుందట.

"తొడలు ఎండబెట్టే గదిలో పెట్టుకోండి. పనికొస్తుంది."

"నా ఇంట్లో దానికి పనేం లేదు. నేను పడుకునే పై గది వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఊరు మొత్తం మీద బుర్యా వచ్చినప్పుడు కొవ్వొత్తి ఊగని ఇల్లు నాదొక్కటే."

"పెట్టెలో వచ్చేది వద్దంటే నేనేం చెయ్యను? తలగడ దగ్గర పెట్టుకోండి. గడియారం కూడా ఉంది దాంట్లో."

కొనలేదు. కేటలాగు తెచ్చుకున్నాను. మొదటిసారి అడిగిన చోటే కొనేవాణ్ణి కాను.


జనవరి 20

బుర్యా. రోజంతా మంచం మీద కేటలాగు. పై గది వెచ్చగా ఉంది.


జనవరి 25

అల్బిన్ పిలవకుండా వచ్చాడు. తొట్టి మూత ఎత్తి, తొడలను వేలితో నొక్కి, వేలు నాకి చూశాడు. నా ఇల్లు, నా తొడలు, వాడి వేలు.

"ఉప్పు బాగానే పట్టింది బావా."

"నీ కితాబు కోసమే ఎదురు చూస్తున్నాను."

బల్ల మీది కేటలాగు చూశాడు. "ఏంటిది, రాకెట్టా?"

"గాలిని కొలిచేది. నా ఇంటికి బుర్యా వస్తోందో లేదో నీ నోటితో కాదు, అంకెలతో తేలుస్తుంది."

"ఇన్నేళ్ళు ఇక్కడే పుట్టి పెరిగి, గాలి వస్తోందో లేదో చూడ్డానికి యంత్రం కొంటున్నావా? బయటికెళ్ళి నుంచో. టోపీ ఎగిరితే వచ్చినట్టు."

"టోపీ ఎగిరితే నువ్వు ఒప్పుకుంటావా?"

వాడు టోపీ సంగతి వదిలేసి పై మెట్ల వైపు చూశాడు. "బావా, పైన... గాలిగది కిటికీలు తీస్తున్నావా?"

"పోయినేడు బుర్యా వీచినన్నాళ్ళూ తీసే ఉంచాను. నీకంటే ఎక్కువే చేశాను."

"అది సరేలే," అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "అన్నమాట వెనక్కి తీసుకోకూడదా?" అన్నాడు.

"ఏ మాట? నాదా, నీదా?"

టోపీ సర్దుకుని పోయాడు. ద్రాక్షతోట చేతికొస్తుందని కలలు కంటూ, మళ్ళీ మంచివాడి వేషం.


ఫిబ్రవరి 6

తొడలు కడిగి, తుడిచి, నా గది పక్కనున్న గాలిగదిలో దూలానికి వేలాడదీశాను. ఈశాన్యం గోడకి మూడు సన్నటి కిటికీలు. మూడూ తీశాను. యంత్రం కూడా కొన్నాను. గిన్నెలు లేనిది. కొనే ముందు నెవెంకను అడగాల్సినవన్నీ అడిగాను: మంచు పేరుకుంటే తప్పు చదువుతుందా, బ్యాటరీ చలికి చస్తుందా, పైన పక్షి కూచుంటే ఏమవుతుంది. "పక్షి కూచుంటే గాలి లేనట్టు, ఎగిరిపోతే వచ్చినట్టు," అంది. ఆ పిల్ల నాకు నచ్చుతోంది. యాభై దాటి ఉంటాయి.

కప్పు మీద బిగించడానికి అల్బినే నిచ్చెన పట్టుకున్నాడు. మరెవరున్నారు? వాడు నాకు నిచ్చెన పట్టడం ఇది రెండోసారి. మొదటిసారి పావ్లా చివరి చలికాలం. ఆరోజు ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. ఈరోజు దానికి వడ్డీతో సహా కట్టాడు.

"బావా, కింద పడితే కొమ్మా, తోటా నాకే కదా? సాక్షులు లేరు, చెప్పి పడు."

"నువ్వు నిచ్చెన సరిగా పట్టుకో."

"పట్టుకున్నా. నువ్వే సరిగా బతుకు."

పెట్టెలో మరలు, బిగింపులు ఇచ్చారు. మా రాతినేల మీద మరను నమ్మి ఇంటికప్పు వేసినవాడు ఎవడూ లేడు. పలకల మీద రాళ్ళు పేర్చే కప్పును నిలబెడతాం. నేను కూడా కర్ర చుట్టూ రాళ్ళు పేర్చాను, నా తాత పొగగొట్టం చుట్టూ పేర్చినట్టు, మెడ దాకా. కదిలే ప్రసక్తి లేదు. దిగి వచ్చి చూస్తే ముచ్చటేసింది. తెరను వంటింటి కిటికీలో పెట్టాను. చిన్న డబ్బీ తలగడ దగ్గర.


ఫిబ్రవరి 9

బుర్యా. దొడ్డి తలుపు తన్నుకుంటోంది. తెర మీద 31.


ఫిబ్రవరి 10

రాత్రి కొస్మినా చెట్టు కొమ్మ విరిగింది. తెర మీద 34.

ముప్ఫై నాలుగుతో కొమ్మ విరుగుతుందా? కొస్మినా ఇంటికెళ్ళాను. పంతులు చొక్కా జేబులోంచి ఫోను తీసి చూపించాడు. వాళ్ళ యంత్రం నిన్న 104 చదివింది. అల్బిన్ ఇల్లు వాళ్ళ పక్కదే.

"మీ ఇల్లు కొంచెం మరుగున ఉంది కాబోలు సిల్వెస్తర్ గారూ," అన్నాడు, ఎంతో మర్యాదగా. బడిలో అందరికీ సున్నా వేసి అలాగే అనేవాడట.

దారిలో అనుకున్నాను, అల్బిన్ ఏమైనా చేశాడా అని. నేను పైన ఉన్నప్పుడు పెట్టె కింద వాడి దగ్గరే ఉంది. వాడు చేయలేడు. తీగకీ తోకకీ తేడా తెలియనివాడు. అయినా అనుకున్నాను.

లేదా నిజంగానే బుర్యా నా ఇంటికి రావడం మానేసిందా? ఈ వాక్యాన్ని రాసి మూడుసార్లు కొట్టేశాను. మళ్ళీ రాశాను.


ఫిబ్రవరి 12

నెవెంకకి ఫోను చేశాను. యంత్రం పాడైందన్నాను. ఎలా బిగించారని అడిగింది. చెప్పాను.

"పెద్దాయనా, మీరు గాలి యంత్రం చుట్టూ గోడ కట్టారా?"

"రాళ్ళు పేర్చాను. ఎగిరిపోకుండా."

"గాలిని కొలిచేదాన్ని గాలి తగలకుండా దాచారా?"

అప్పుడు నవ్వింది. ఫోను దూరం పెట్టి నవ్వడం వినిపించింది. "ఏమనుకోకండి. ఈ నేలంతా ఇంతే. గాలికి వీపు పెట్టడం తప్ప మనకి ఇంకేం రాదు. మీరు మూడోవారు ఈ ఏడు."

మిగతా ఇద్దరు ఎవరో చెప్పలేదు. అందులో కొస్మినా ఉంటే బాగుండునని ఇప్పటికీ ఆశ.


ఫిబ్రవరి 16

రాళ్ళు తీసి మరలు బిగించాం. అల్బిన్ నిచ్చెన పట్టాడు. రాళ్ళెందుకు తీస్తున్నామో నేను చెప్పలేదు. వాడు అడగలేదు. రాళ్ళు ఒక్కొక్కటీ అందుకుని కింద పెడుతూ, "గాలికి దారి ఇవ్వాలి బావా, అంతే," అన్నాడు. ఉపన్యాసం.


ఫిబ్రవరి 18

118. కొస్మినా ఇంట్లో అదే గంటలో 112.

నూట పద్ధెనిమిది. కోటు వేసుకుని, గోడలు పట్టుకుంటూ అల్బిన్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళు జోటా సూపు తాగుతున్నారు. బ్రెద నాకూ ఒక గిన్నె పెట్టింది. నేను కూచోకుండానే చెప్పాను.

"నా కప్పు మీద నూట పద్ధెనిమిది. మీ వైపు నూట పన్నెండు. బుర్యా ఎవరింటికి రావడం మానేసిందో చెప్పు."

అల్బిన్ చెంచా దించాడు. "అయితే గాలి వస్తోంది."

"వస్తోంది."

"కప్పు మీదికి."

"కప్పు మీదికే. మరెక్కడికి?"

బ్రెద "చెప్పేయ్" అంది, వాడితో.

"నువ్వూరుకో."

"ఏం చెప్పాలి?" అన్నాను.

"సూపు చల్లారిపోతోంది. కూచో బావా. ఒప్పుకున్నాను. తప్పు మాట అన్నాను. నీ ఇంటికి బుర్యా వస్తోంది. సరేనా?"

ఇంతకాలం ఎదురు చూసిన మాట అది. తీరా వచ్చాక, ఉప్పు మరిచిపోయిన సూపులా ఉంది. వాడు నావైపు చూడకుండా ఒప్పుకున్నాడు. ఓడిపోయినవాడి ముఖం నాకు తెలుసు, ఎర్వీన్‌ది చూశాను. ఇది అది కాదు.


ఫిబ్రవరి 21

తొడల మీద తెల్లటి బూజు. వెనిగర్ గుడ్డతో తుడిచాను. రెండింటి మీద కొంచెం జిగురు. చలికి అలా ఉంటుంది.


ఫిబ్రవరి 23

మళ్ళీ జిగురు. చలికే.


ఫిబ్రవరి 24

జిగురు చలికి రాదు. చలికి వస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు, వెతికాను.

బయట బుర్యా, తెర మీద తొంభై. బయటి తేమ నూటికి 38. ఇంత పొడిగాలిలో ఉతికిన దుప్పటి నేను పొగ తాగేలోపు ఆరిపోతుంది. మరి తొడలకి జిగురెందుకు? తలగడ దగ్గరున్న చిన్న డబ్బీ తీసుకెళ్ళి గాలిగదిలో వేలాడదీశాను. గంట ఆగి చూశాను. 84.

కిటికీలు మూడూ బార్లా ఉన్నాయి. వాటి ముందు నిలబడితే చెంపలు కోస్తోంది. ఒక గజం లోపల 84.

ఇంకేదైనా అయితే కోపం వచ్చేది. దీనికి మాత్రం పుస్తకంలో చింపేసిన పుట దొరికినట్టు అనిపించింది. తలగడ విప్పి బాతు ఈక ఒకటి లాగి, దారం కట్టి, కిటికీ దగ్గర పట్టుకున్నాను. పిచ్చెక్కినట్టు కొట్టుకుంది. ఒక అడుగు లోపలికి వచ్చాను. వణికింది. ఇంకొక అడుగు. ఈక నిలువుగా వేలాడింది, తోచక కూచున్న పిల్లలా. తొడల మధ్య పట్టుకున్నాను. కదలలేదు. బయట కప్పు పలకలు మోగుతున్నాయి, లోపల ఈక కదలదు.

గాలి కిటికీ దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెనక్కి పోతోంది. ఎందుకంటే ముందుకి పోయే దారి లేదు. బయటికి దారి లేని గదిలోకి గాలి రాదు.

దారి ఎటువైపు ఉండాలి? ఎదురు గోడ వైపు. నైరుతి చూరు కింద, దూలాలకీ పలకలకీ మధ్య సందు. ఈక పట్టుకుని అటు నడిచాను. చెక్కలు కొట్టి ఉన్నాయి. వాటి అంచుల్లోంచి సందులు పూడ్చే పసుపుపచ్చ నురగ గట్టిపడి పొంగి ఉంది.


ఫిబ్రవరి 25

పై గది వెచ్చగా ఉంది.


మార్చి 2

రాయడానికేం లేదు. తొడలు తుడిచాను.


మార్చి 4

పావ్లా చివరి చలికాలం. "ఎవరో నా వీపు వెనక తలుపు తెరిచి పెట్టారు, మూసెయ్," అనేది. తలుపు లేదు అక్కడ. దుప్పట్లు, వేడినీళ్ళ సీసాలు, గోడకి కార్డుబోర్డు. ఏం చేసినా అదే మాట. ఆమె గది, గాలిగది ఒకే చూరు కింద ఉన్నాయి, మధ్యలో గాలిని ఆపని చెక్క అడ్డం. మా పూర్వులు గాలి ఒకవైపు దూరి మరోవైపు పోయేలా కట్టారు. మనుషుల కంటే తొడలు ముఖ్యం అనుకున్నారేమో.

అల్బిన్ నురగ డబ్బాలు తెచ్చాడు. నేను నిచ్చెన ఎక్కాను, వాడు పట్టుకున్నాడు. చూరు ఈ చివర నుంచి ఆ చివర దాకా నింపాం. సాయంత్రానికి గది వెచ్చబడింది. పావ్లా దుప్పటి లోంచి చెయ్యి బయట పెట్టి, వేళ్ళు విప్పి చూసుకుంది. "ఎవరో తలుపు వేశారు," అంది. ఆ రాత్రి నిద్రపోయింది. పోయేదాకా ప్రతి రాత్రీ నిద్రపోయింది.

ఆమె కోసం నేను చేసినవాటిలో పనిచేసింది అదొక్కటే. డాక్టర్లు చేసిందేదీ పనిచేయలేదు. నేను చదివి వినిపించిన పుస్తకాలేవీ ఆమెకి నచ్చలేదు. ఆ నురగ ఒక్కటి పనిచేసింది. రెండేళ్ళుగా ఆ గదిలో నేను పడుకుంటున్నాను. కొవ్వొత్తి ఊగదు.

దాన్ని పీకాలా?

తొడలు పోతే పోతాయి. తాళం అల్బిన్‌కి ఇచ్చేస్తాను. ఈ మాట రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఇప్పుడు చదివితే అది నా చేతిరాతలా లేదు.


మార్చి 5

అల్బిన్ వచ్చాడు. నేను గాలిగదిలో ఉన్నాను. పైకి వచ్చి, దారానికి వేలాడుతున్న ఈకను చూశాడు. చెక్కల వైపు చూశాడు. వాడికి ఏమీ చెప్పక్కర్లేదని అప్పుడు తెలిసింది.

"నీకు తెలుసు," అన్నాను.

"పోయిన మే నెలలో నీ తొడలు వాసన చూసిన రోజే తెలుసు."

"పది నెలలు నోరు మూసుకున్నావు."

"మూసుకున్నానా? ఊరంతా వినేలా చెప్పాను కదా. బుర్యా అక్కతో పోయిందని."

"అది చెప్పడమా? అది పొడవడం."

"ఎలా చెప్పమంటావు బావా? మా అక్కని వెచ్చగా ఉంచిన దాన్ని పీకెయ్యమని చెప్పనా? నేనే తెచ్చిన డబ్బాలవి. నేనే నిచ్చెన పట్టుకున్నాను. నవ్వుతూ అంటే నీకే తడుతుందనుకున్నాను. నువ్వేమో తోట పందెం కాశావు. పెద్ద చదువరివి."

"తోట నీకు దక్కేది."

"నాకెందుకు నీ తోట? నా నడుము నా తోటకే సరిపోవట్లేదు. నువ్వు ఊళ్ళో అందరి ముందూ అనేసరికి వైన్ ముక్కులోకి పోయింది."

కింద దొడ్డి తలుపు కొట్టుకుంటోంది.

"ఆ గదిలో ఎవరు పడుకుంటున్నారిప్పుడు?" అన్నాడు.

"తెలిసే అడుగుతున్నావు."

"నీకు చలేస్తుంది."

"వేస్తుంది."

"బ్రెద ఉన్ని బనీను అల్లుతుంది. దురద పెడుతుంది. ముందే చెబుతున్నాను."

జేబులోంచి ద్రాక్షతీగలు కోసే వంకర కత్తి తీశాడు. అంటే తెచ్చుకునే వచ్చాడు. నాకు అందించాడు, పిడి నావైపు పెట్టి. నిచ్చెన వేశాడు. నాలుగోసారి.

మొదటి చెక్క ఊడదీశాను. నురగ రొట్టెలా ముక్కలుగా వచ్చింది. ఒక ముక్క మీద నా బొటనవేలి గుర్తు అచ్చుపడి ఉంది, ఆరకముందు నొక్కినట్టున్నాను. దాన్ని జేబులో వేసుకున్నాను. మిగతాది కింద పడేశాను. చూరు సగం తెరుచుకునేసరికి నా చెయ్యి చల్లబడింది. వెనక ఏదో కదిలినట్టనిపించి తిరిగి చూశాను. ఈక అడ్డంగా తేలుతోంది. తొడలు నాలుగూ తాళ్ళ మీద మెల్లగా ఊగుతున్నాయి.

అల్బిన్ నిచ్చెన వదిలి ముక్కు చీదుకున్నాడు. నేను పడి ఉంటే తోట వాడిదయ్యేది.


మార్చి 6

పొద్దున 76. మధ్యాహ్నం 69. మెట్లు ఎక్కుతూ దిగుతూ డబ్బీ చూస్తూనే ఉన్నాను. సాయంత్రం 61. ఇంత చిన్న అంకెల కోసం ఇంత పెద్దమనిషి మెట్లెక్కడం చూస్తే పావ్లా నవ్వేది.


మార్చి 7

పై గది చల్లగా ఉంది.


మే 14

మీగడలా పందికొవ్వు, పిండి పూసి తొడలను మూసే ముందు పరీక్ష. ఊళ్ళో అందరూ నమ్మే ముక్కు అల్బిన్‌ది. అదీ నా ఖర్మ. గుర్రపు ఎముక సూది తుడుచుకుని వచ్చాడు. కొస్మినా కూడా వచ్చాడు, ఎవరు పిలిచారో తెలియదు. పందెం విన్నవాళ్ళలో మరో నలుగురు గుమ్మం దగ్గర.

అల్బిన్ సూదిని మొదటి తొడలో ఎముక పక్కగా గుచ్చి, లాగి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. వాడి ముఖం కొస్మినా ఇంట్లో గ్లాసులోకి చూసినప్పటి ముఖంలా ఉంది. అప్పుడు ఆశ అని రాశాను. కాదు.

"బావుంది," అన్నాడు.

రెండోది. "బావుంది. తీపి."

మూడోది. ఎక్కువసేపు వాసన చూశాడు. మళ్ళీ గుచ్చాడు. "ఇది పోయింది."

గుమ్మం దగ్గర గుసగుసలు. నేను గోడ పట్టుకున్నాను.

నాలుగోది. సూది వాసన చూసి, నావైపు చెయ్యి చాచి, నా ముక్కు కింద పెట్టాడు. గింజ చిదిమితే వచ్చే కమ్మటి వాసన. వెనక ఎక్కడో పావ్లా మాళిగ.

"మూడు బావున్నాయి," అన్నాడు అల్బిన్ అందరికీ వినపడేలా. "ఒకటి పోయింది. అది గాలి తప్పు కాదు. మా బావ ఉప్పు తప్పు. గాలి ఈ ఇంటికి బ్రహ్మాండంగా వస్తోంది. కావాలంటే అంకెలు చూపిస్తాడు, కూచోండి, సాయంత్రం దాకా చూపిస్తాడు."

"అయితే పందెం?" అన్నాడు కొస్మినా. "మూడు బాగుండి ఒకటి చెడితే ఎవరిది?"

"నువ్వు లెక్కల పంతులువి కదా," అన్నాడు అల్బిన్, "ఇంటికెళ్ళి లెక్కేసుకో."


నవంబరు 3

మొదటి బుర్యా. తెర మీద 97. యంత్రం అంకెలను ఇప్పుడు అందరికీ చూపించేలా పెట్టాను. కొస్మినా కంటే ఆరు ఎక్కువ. ఎర్వీన్ ట్రియెస్ట్‌లో ఇంకా బతికే ఉన్నాడట. చూస్తాడని ఆశ.

చిన్న డబ్బీ మళ్ళీ తలగడ దగ్గరికి వచ్చింది. పొద్దున తొమ్మిది డిగ్రీలు చూపించింది. బనీను దురద పెడుతోంది. కొవ్వొత్తి ఊగుతోంది, దాని కింద రాయడం కష్టంగా ఉంది. నా వీపు వెనక ఎవరో తలుపు తెరిచి పెట్టారు. ఉండనిచ్చాను.

మధ్యాహ్నం అల్బిన్ నిచ్చెన పట్టుకున్నాడు. మలుపులో కొమ్మ కట్టాను.